మూడు బాధలకు ఆరు మందులు: ఏవి ఉంచాలి, ఏవి ఆపాలి?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది కనిగిరి దగ్గర పల్లె. పొగాకు, కొంచెం కంది వేస్తాం. నా వయసు 41. రెండేళ్ల నుంచి పొట్టతో అవస్థ పడుతున్నాను. నాలుగు ముద్దలు తినేసరికి గొంతు దాకా నిండినట్టు ఉంటుంది. రొమ్ము కింద బిగదీసి ఉబ్బుతుంది, ఒక్కోసారి మంట. రాత్రి పడుకుంటే పుల్ల తేపులు. ఇది చాలదన్నట్టు మూడు రోజులు మోషన్ రాదు, నాలుగో రోజు కడుపు మెలిపెట్టి రెండు మూడు సార్లు పల్చగా అవుతుంది. అయ్యాక నొప్పి తగ్గుతుంది. పొగాకు కోత రోజుల్లో వికారం కూడా. ఒంగోలులో ఎండోస్కోపీ చేసి కొంచెం గాస్ట్రైటిస్ ఉంది, భయం లేదన్నారు. స్కానింగ్, రక్తపరీక్షలు, థైరాయిడ్ బాగానే ఉన్నాయి. షుగర్ లేదు. బరువు తగ్గలేదు.

వాడుతున్నవి: పొద్దున్నే రాబిప్రజోల్, లెవోసల్పిరైడ్ కలిసిన క్యాప్సూల్ ఏడాదిన్నరగా, రెండు పూటలా క్లోర్‌డయాజెపాక్సైడ్, క్లిడినియం కలిసిన మాత్ర, అరుగుదలకు ఎంజైమ్ సిరప్, అవసరమైనప్పుడు నీళ్లలో పొంగే సోడా పొడి, ఒళ్లు నొప్పులకు మా ఊరి ఆర్‌ఎంపీ ఇచ్చే డైక్లోఫెనాక్. ఈమధ్య ఒక డాక్టరు గారు అమిట్రిప్టిలిన్ 10 రాశారు. షాపు అబ్బాయి ‘ఇది మెంటల్ వాళ్లకిచ్చే మందు’ అన్నాడు. భయమేసి కవర్‌లోనే ఉంచాను. ఇంకో మాట, దీనికి సంబంధం ఉందో లేదో తెలియదు. నాలుగు నెలలుగా నెలసరి రాలేదు. గర్భం కాదని పరీక్షలో తేలింది. నాకున్నది ఒక జబ్బా, మూడు జబ్బులా? వీటిలో నాకు పనికొచ్చే మందు ఏది?

జవాబు: అమ్మా, ‘సంబంధం ఉందో లేదో’ అంటూ మీరు చివర్లో రాసిన విషయంతోనే మొదలుపెడతాను. సంబంధం ఉండే అవకాశం బాగా ఉంది. మీ పొద్దుటి క్యాప్సూల్‌లో ఉన్నవి రెండు మందులు. రాబిప్రజోల్ ఆమ్లాన్ని తగ్గిస్తుంది. లెవోసల్పిరైడ్ పొట్టను ముందుకు కదిలిస్తుంది, వికారాన్ని అణుస్తుంది. ఈ పని అది డోపమైన్ అనే నరాల రసాయనాన్ని అడ్డుకోవడం ద్వారా చేస్తుంది. చిక్కేమిటంటే, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి ప్రొలాక్టిన్ ఎక్కువగా రాకుండా పట్టి ఉంచేది కూడా ఆ డోపమైనే. అది అడ్డు తొలిగితే ప్రొలాక్టిన్ పెరుగుతుంది. బాలింతలకు పాలు పడటానికి పెరిగే హార్మోన్ అదే. దాంతో నెలసరి ఆగిపోవచ్చు, రొమ్ములు సలపొచ్చు, కొందరికి పాలలాంటి నీరు కూడా వస్తుంది. 41 ఏళ్లకే ముట్లుడిగాయని సరిపెట్టుకోకండి. ఈ వారంలోనే రక్తంలో ప్రొలాక్టిన్ పరీక్ష చేయించుకోండి, గర్భపరీక్ష కూడా ఇంకోసారి చేయించండి. మీ డాక్టరుకు ఈ సంగతి చెప్పి, ఆ క్యాప్సూల్ బదులు ఒట్టి రాబిప్రజోల్ రాయించుకోండి. మందే కారణమైతే, ఆపిన కొన్ని వారాల్లో ప్రొలాక్టిన్ దిగుతుంది, నెలసరి మళ్లీ దారికొస్తుంది. ఆపాక కూడా ప్రొలాక్టిన్ ఎక్కువగానే ఉంటే అప్పుడు పిట్యూటరీ గ్రంథిని స్కాన్ చేసి చూడాలి.

లెవోసల్పిరైడ్ పనికిమాలిన మందని నేననడం లేదు. తినగానే నిండిపోయే బాధకు అది కొందరికి బాగానే పనిచేస్తుంది. కానీ కొద్ది వారాల కోసం రాసిన చీటీ ఏడాదిన్నర నడవడం, మధ్యలో ఎవరూ ‘నెలసరి సరిగ్గా వస్తోందా?’ అని అడగకపోవడం మన దగ్గర రోజూ జరిగేదే. రెండు మందులు ఒకే క్యాప్సూల్‌లో ఉంటే రెండోదాని సంగతి రాసినవారికీ, అమ్మినవారికీ, మింగేవారికీ గుర్తుండదు. ఇంట్లో పెద్దవాళ్లకు కూడా గ్యాస్ అని మీ క్యాప్సూల్ ఇస్తుంటే వెంటనే మానండి. వయసు మళ్లినవాళ్లలో ఇది చేతుల వణుకు, నడకలో బిగుసుకుపోవడం, పెదవులు వాటంతటవే కదలడం లాంటివి తెస్తుంది. పార్కిన్సన్స్ వచ్చిందనుకుని దానికి ఇంకో మందు మొదలుపెట్టినవాళ్లు కూడా ఉన్నారు. షాపులో ‘ఇది వద్దంటే ఇంకోటి ఉంది’ అని డాంపెరిడోన్ కలిసిన క్యాప్సూల్ చేతిలో పెట్టవచ్చు. అది కూడా ప్రొలాక్టిన్‌ను పెంచేదే, పైగా గుండె లయ మీద ప్రభావం చూపుతుంది. అందుకే 2014లో యూరప్ ఔషధ సంస్థ దాన్ని వాంతులు, వికారానికి మాత్రమే, 10 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లకు మించకుండా, మామూలుగా ఒక వారం లోపే వాడమంది. మన దగ్గర 30 మిల్లీగ్రాముల డాంపెరిడోన్ ఉన్న క్యాప్సూళ్లను నెలల తరబడి మింగుతున్నారు.

ఇక ఒక జబ్బా, మూడా అన్న మాట. పేర్లు మూడున్నాయి. నాలుగు ముద్దలకే నిండిపోవడం, రొమ్ము కింద ఉబ్బరం, మంట ఇవన్నీ ఫంక్షనల్ డిస్పెప్సియా, అంటే ఎండోస్కోపీలో పుండూ గడ్డా ఏమీ కనబడకుండా పొట్ట పైభాగం సరిగ్గా పనిచేయకపోవడం. మలబద్ధకం, పల్చటి మోషన్ మారిమారి రావడం, మోషన్ అయ్యాక నొప్పి తగ్గడం ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్). పడుకుంటే పుల్ల తేపులు రిఫ్లక్స్, అంటే పొట్టలోని ఆమ్లం పైకి ఎగదన్నడం. ఈ మూడూ ఒకే మనిషిలో కలిసి ఉండటం అరుదేమీ కాదు, ఒకటి ఉన్నవారికి మరొకటి ఉండటం చాలా మామూలు. ఎందుకంటే లోపల జరిగేది చాలావరకు ఒకటే. అన్నం పడగానే పొట్ట పైభాగం వదులై చోటివ్వాలి, మీకది సరిగ్గా వదులవడం లేదు. పొట్టా పేగుల నరాలు మామూలు సాగుదలను, మామూలు ఆమ్లాన్ని కూడా నొప్పిగా, మంటగా మెదడుకు చేరవేస్తున్నాయి. కొందరికి ఒకసారి పెద్ద విరేచనాలు పట్టి తగ్గిన తర్వాత ఇది మొదలవుతుంది. టెన్షన్, నిద్రలేమి దీన్ని పెంచుతాయి, అంతేగానీ ఇది మీ ఊహ కాదు. రిపోర్టులో ఉన్న ‘కొంచెం గాస్ట్రైటిస్’ను పట్టుకుని బాధపడకండి. ఏ బాధా లేనివాళ్లకు ఎండోస్కోపీ చేసినా చాలామందికి ఆ మాట రాస్తారు.

మీ కవర్‌లో నాకు అసలు అభ్యంతరం ఇక్కడుంది. పై పొట్టకు ఒకరు, కింద పేగుకు ఒకరు మందు రాశారు. రెండూ పక్కపక్కన పెట్టి చూసినవారు లేరు. లెవోసల్పిరైడ్ పొట్టను కదలమంటుంది. రెండు పూటలా వేసుకునే మాత్రలోని క్లిడినియం పొట్టను, పేగును నెమ్మదించమంటుంది. ఒకదాని పనిని రెండోది చెరిపేస్తోంది. అంతటితో ఆగదు. క్లిడినియం మలబద్ధకాన్ని పెంచుతుంది, అన్నకోశానికీ అన్నవాహికకూ మధ్య ఉన్న కండరాన్ని వదులు చేసి పుల్ల తేపుల్ని కూడా పెంచగలదు. అంటే మీరు చెప్పుకున్న మూడు బాధల్లో రెండింటికి ఈ మాత్ర కూడా చేయి వేసి ఉండొచ్చు. మూడు బాధలు కలిసి ఉన్నవారికి మందు ఎంచేటప్పుడు నేను చూసేది ఒకటే: ఒక బాధకు ఇచ్చే మందు రెండో బాధను రేపకూడదు, వీలైతే రెండింటికీ పనికి రావాలి.

అయితే ఆ మాత్రను రేపు పొద్దున్నే పారేయకండి. అందులోని క్లోర్‌డయాజెపాక్సైడ్ నిద్రమాత్రల జాతిది, అలవాటు పడే మందు. నెలల తరబడి వేసుకుని ఒక్కసారిగా మానితే దడ, నిద్ర పట్టకపోవడం, చేతుల వణుకు, అరుదుగా ఫిట్స్ కూడా రావచ్చు. మొదట రెండు పూటలది ఒక పూటకు, తర్వాత రోజు మార్చి రోజు, ఆపైన ఆపడం, ఇలా కొన్ని వారాల మీద డాక్టరు చెప్పినట్టు తగ్గించుకోవాలి. ఆ రోజుల్లో గుండె దడగా ఉంటే ‘గ్యాస్ పైకి తన్నింది’ అనుకుని మళ్లీ మాత్ర పెంచేస్తారు చాలామంది.

అన్నీ ఒకేసారి మార్చొద్దు. పొగాకు కాల్చే బ్యారన్‌లో ఆకు పసుపు తిరగకముందే వేడి పెంచితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పొట్ట మందులకూ ఆ వరస కావాలి. ఒక మార్పు, నాలుగు వారాలు, ఏం తగ్గింది ఏం తగ్గలేదు అని ఒక నోటుబుక్కులో రాసుకోవడం, ఆ తర్వాతే ఇంకో మార్పు. మీ విషయంలో నెలసరి సంగతి ఆగదు కాబట్టి లెవోసల్పిరైడ్ ఆపడం ముందు. దాని వెనకే హెలికోబాక్టర్ పైలోరి పరీక్ష.

ఈ హెలికోబాక్టర్ మన దేశంలో చాలామంది పొట్టల్లో ఉండే బ్యాక్టీరియా. 1980ల్లో ఆస్ట్రేలియాలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ దీన్ని పట్టుకున్నారు. పొట్ట ఆమ్లంలో ఏ క్రిమీ బతకదని అందరూ కొట్టిపారేస్తే మార్షల్ గారు దాన్ని పెంచిన ద్రావణం తానే తాగి గాస్ట్రైటిస్ తెచ్చుకున్నారు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఫంక్షనల్ డిస్పెప్సియాలో ఇది ఉందని తేలితే తీసేయడం ఒక్కటే జబ్బు మూలం మీద చేసే వైద్యం. అందరికీ గుణం రాదు, కొంతమందికే వస్తుంది. వచ్చేవారికి కూడా నెలలు పడుతుంది. కానీ పుండు ముప్పు, అన్నకోశపు క్యాన్సర్ ముప్పు తగ్గుతాయి కాబట్టి చేయించుకోవడం లాభమే. మీ ఎండోస్కోపీ రిపోర్టులో ‘ఆర్‌యూటీ’ అని ఎక్కడైనా రాసి ఉందేమో చూడండి, అది ఈ క్రిమి పరీక్షే. ‘నెగెటివ్’ అని ఉన్నా, అప్పటికే ఆమ్లం మాత్ర వాడుతూ ఉండి ఉంటే ఆ ఫలితాన్ని పూర్తిగా నమ్మలేం. మల పరీక్ష గానీ శ్వాస పరీక్ష గానీ అడగండి. రక్తంలో యాంటీబాడీ పరీక్ష వద్దు, ఎప్పుడో పోయిన క్రిమికి కూడా అది పాజిటివ్ చూపిస్తుంది.

పరీక్షకు రెండు వారాల ముందు రాబిప్రజోల్ ఆపాలి, నాలుగు వారాల ముందు నుంచి ఏ యాంటీబయాటిక్ వాడి ఉండకూడదు. జలుబుకు ఆర్‌ఎంపీ ఇచ్చిన అజిత్రోమైసిన్ కూడా లెక్కలోకే వస్తుంది. ఆ రెండు వారాలు మంట మీకు మామూలుకన్నా ఎక్కువే ఉంటుంది. ఏడాదిన్నర ఆమ్లాన్ని తొక్కిపెట్టిన పొట్ట, మాత్ర ఆపగానే కొన్నాళ్లు అతిగా ఆమ్లం పోస్తుంది. జబ్బు ముదిరిందని హడలిపోకండి. ఆమ్లం పైకి రాకుండా అడ్డుపడే ఆల్జినేట్ ద్రవం అన్నం తర్వాత, పడుకునే ముందు తాగి ఆ రోజులు నెట్టుకురావచ్చు. పాజిటివ్ వస్తే 14 రోజుల కోర్సు. మన దేశంలో క్లారిత్రోమైసిన్, మెట్రోనిడజోల్ మందులకు ఈ క్రిమి చాలా చోట్ల మొండికేసింది. అందుకని బిస్మత్ కలిసిన నాలుగు మందుల కోర్సు మంచిదని ఇప్పుడు ఎక్కువమంది నిపుణుల మాట. బిస్మత్‌తో మోషన్ నల్లగా వస్తుంది, నోరు చేదెక్కుతుంది, రోజుకు గుప్పెడు మాత్రలు మింగాలి. ఆరో రోజుకే ‘బాగుంది’ అని మానేస్తే క్రిమి చావదు, ఇంకా మొండికేస్తుంది. కోర్సు అయ్యాక కనీసం నాలుగు వారాలు ఆగి పోయిందో లేదో మళ్లీ చూడాలి.

రాబిప్రజోల్ విషయంలో మందు కన్నా వేళ ముఖ్యం. మీ ఊళ్లలో ఆడవాళ్ల పొద్దు నాకు తెలుసు. తెల్లారుజామున లేచి టీతో పాటు మాత్ర వేసుకుని చేలోకి పోతారు. సంగటో అన్నమో తినేది తొమ్మిదిన్నర, పది. ఈ మందు పనిచేయాలంటే, వేసుకున్న అరగంట నుంచి గంటలోపు కడుపులో తిండి పడాలి. తిండి పడ్డప్పుడే ఆమ్లం తయారుచేసే కణాలు పని మొదలుపెడతాయి, మందు వాటిని అప్పుడే పట్టుకుంటుంది. ఐదింటికి మాత్ర, పదింటికి అన్నం అయితే సగం మందు వృథా. మాత్రను చేలోకి తీసుకెళ్లి తినే ముప్పావుగంట ముందు వేసుకోండి. రోజుకొకటి చాలు, ఫంక్షనల్ డిస్పెప్సియాలో రెండేసి వేస్తే అదనంగా వచ్చేదేమీ లేదు. నాలుగు నుంచి ఎనిమిది వారాలు సరిగ్గా వాడి చూడండి. మంట, పుల్ల తేపులు తగ్గితే అతి తక్కువ డోసుకు దించుకోవచ్చు. ఏమీ తగ్గకపోతే మీ బాధ ఆమ్లంది కాదని అర్థం, దాన్ని మోయడం దేనికి? కొందరికి ఈ మందుతో మోషన్ పల్చబడుతుంది కూడా, నాలుగో రోజు విరేచనాల్లో దీని వాటా ఎంతో చూసుకోవాలి.

నాలుగు ముద్దలకే నిండిపోవడం ఆమ్లం మందులకు అంతగా లొంగదు. దానికి మీకు నేను అడగమనే మందు అకోటియమైడ్, 100 మిల్లీగ్రాములు, మూడు పూటలా తినే ముందు. జపాన్‌లో 2013లో సరిగ్గా ఈ బాధకే అనుమతించారు, ఇక్కడా దొరుకుతుంది. ఇది డోపమైన్ జోలికి పోదు, ప్రొలాక్టిన్ గొడవ లేదు. పొట్ట పైభాగం వదులవడానికి, అన్నం ముందుకు కదలడానికి సాయపడుతుంది. తలనొప్పి, విరేచనాలు కొద్దిమందికి రావచ్చు. మహత్తు ఆశించకండి, తినే అన్నం నాలుగు ముద్దల నుంచి పది ముద్దలకు వచ్చినా మేలే. నాలుగు వారాల్లో తేడా లేకపోతే ఆపేయండి. ఇటోప్రైడ్ అనే మందూ ఇదే పనికి వాడతారు. అది లెవోసల్పిరైడ్ అంత కాకపోయినా కొంత డోపమైన్ మీదే పనిచేస్తుంది కాబట్టి మీ నెలసరి తేలే దాకా దాని జోలికి వద్దు. ఇంకోమాట, క్లిడినియం మాత్ర తగ్గించకుండా అకోటియమైడ్ మొదలుపెడితే మళ్లీ ఒకదాన్నొకటి చెరిపేసే కథే.

ఇప్పుడు ఆ ‘మెంటల్ మందు’ దగ్గరికొద్దాం. షాపు అబ్బాయి చెప్పిన దాంట్లో అబద్ధం లేదు, అరకొర నిజం ఉంది. అమిట్రిప్టిలిన్ దిగులు జబ్బుకు వాడేటప్పుడు డోసు చాలా ఎక్కువ. 10 మిల్లీగ్రాములతో దిగులు తగ్గదు. ఆ కొంచెం డోసు, పొట్టా పేగుల నుంచి మెదడుకు పోయే నొప్పి కబుర్లను తగ్గించడానికి. మీ డాక్టరు గారు మిమ్మల్ని పిచ్చివారనుకోలేదు. నన్నడిగితే మీ కవర్‌లో బాగా ఆలోచించి రాసింది అదే. పై పొట్ట నొప్పికీ, ఐబీఎస్‌కూ రెండింటికీ పనికొచ్చేవి మన దగ్గర బహు కొద్ది, అందులో ఇదొకటి. 2023లో ఇంగ్లండ్‌లో 463 మంది ఐబీఎస్ రోగులకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు ఆరు నెలలు ఇచ్చి చూస్తే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారి కంటే బాధలు స్పష్టంగా తగ్గాయి. ఫంక్షనల్ డిస్పెప్సియాలో 2015లో అమెరికా, కెనడాల్లో జరిగిన అధ్యయనంలో 50 మిల్లీగ్రాములతో 53 శాతం మందికి ఊరట వచ్చింది, ఉత్తుత్తి మాత్రతో 40 శాతానికి. అందులో మేలు ఎక్కువగా కనబడింది నొప్పి, మంట ఉన్నవారిలో. పొట్ట ఖాళీ అవడమే ఆలస్యంగా ఉన్నవారిలో అంతగా లేదు. ఎస్సిటాలోప్రామ్ అనే ఇంకో దిగులు మందు అదే అధ్యయనంలో ఉత్తుత్తి మాత్రను మించలేదు.

ఆ 40 శాతం అంకె దగ్గర ఒక్క క్షణం ఆగండి. మందే లేని మాత్రతో పదిమందిలో నలుగురికి ఊరట వచ్చింది. పొట్ట జబ్బుల్లో కొత్త మందు మొదటి పది రోజులు అమృతంలా ఉండి, తర్వాత పాత కథే అవడానికి ఇదొక కారణం. పక్కింటావిడకు తగ్గిందని, టీవీలో చూశామని కొనే చూర్ణాల పేరు కూడా ఇలాగే నిలబడుతుంది.

అమిట్రిప్టిలిన్ మీకు ఎప్పుడు? నా లెక్క ప్రకారం లెవోసల్పిరైడ్ పోయి, హెలికోబాక్టర్ సంగతి తేలి, క్లోర్‌డయాజెపాక్సైడ్ మాత్ర చాలావరకు తగ్గాక. నొప్పి, మంట ఇంకా సతాయిస్తుంటే అప్పుడు రాత్రి పడుకునే గంట ముందు 10 మిల్లీగ్రాములతో మొదలు. ఇది కూడా మలబద్ధకాన్ని పెంచే మందే, మీకు మూడు రోజులకోసారి మోషన్ కాబట్టి కింద చెప్పే ఇసబ్‌గోల్ ముందే కుదురుకోవాలి. మొదటి వారం నోరెండుతుంది, పొద్దున మత్తుగా ఉంటుంది. గుణం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, ఐదో రోజున పనిచేయలేదని మానకండి. గ్లకోమా, గుండె లయ జబ్బు, మూత్రం ఆగడం ఉన్నవారికి ఇది పనికిరాదు. అలాంటివేమైనా ఉంటే చెప్పండి, డాక్టరు ఈసీజీ ఒకటి తీయించవచ్చు.

కింద పేగుకు ఇసబ్‌గోల్ పొట్టుతో మొదలుపెట్టండి. ఒక చెంచా, పెద్ద గ్లాసు నీళ్లలో కలిపిన వెంటనే తాగి, పైన ఇంకో గ్లాసు నీళ్లు. తక్కువ నీళ్లతో తాగితే మేలు కన్నా కీడే. ఇది మలబద్ధకాన్ని, పల్చటి మోషన్‌ను రెండింటినీ ఒక దారికి తెస్తుంది, మీలాగా మారిమారి వచ్చేవారికి అందుకే అనువు. మొదటి వారం ఉబ్బరం కొంచెం పెరగొచ్చు, అందుకే ఒక చెంచాతో మొదలుపెట్టి మెల్లగా పెంచమనేది. మిగతా మాత్రలకూ దీనికీ రెండు గంటల ఎడం ఉంచండి. కడుపు మెలిపెట్టే రోజుల్లో పేగు బిగింపును వదులు చేసే మెబెవెరిన్ మాత్ర తినే ముందు వేసుకోవచ్చు, క్లిడినియం లాగా నోరెండబెట్టడం, మలబద్ధకం చేయడం దీనితో అంతగా ఉండదు. పెప్పర్‌మింట్ నూనె క్యాప్సూళ్లు మెలిపెట్టే నొప్పికి మంచివే గానీ మీకు నేను రాయను, పుల్ల తేపులున్నవారికి గుండెల్లో మంట పెంచుతాయి.

సోడా పొడితో తేపు వచ్చి హాయిగా ఉంటుంది, ఆ తేపు దాని నురగదే. ఉప్పు బాగా ఉంటుంది, బీపీ ఉన్నవారికి మరీ వద్దు. ఎంజైమ్ సిరప్ ఆపేయండి, పోయేదేమీ లేదు. డైక్లోఫెనాక్ మాత్రం ఖచ్చితంగా మానాలి. పుండు లేని పొట్టకు పుండు తెచ్చే మందది. ఒళ్లు నొప్పులకు పారాసిటమాల్ చాలు, అది చాలని రోజుల్లో నడుముకు కాపడం.

కోత రోజుల్లో వికారానికి మందు అక్కర్లేకపోవచ్చు. మంచుతోనో వానతోనో తడిసిన పచ్చి పొగాకు ఆకును ఒట్టి చేతులతో కోసి, చంకన పెట్టుకుని మోస్తే అందులోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. కొన్ని గంటల్లో వికారం, వాంతి, తల తిప్పడం, తలనొప్పి మొదలై ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయి. పొగాకు పండించే చాలా దేశాల్లో వైద్యులు గుర్తించిన సమస్యే ఇది. మంచు ఆరాక కోయడం, పొడుగు చేతుల చొక్కా, చేతికి తొడుగులు, తడిసిన బట్ట వెంటనే మార్చడం, పని దిగగానే సబ్బుతో కడుక్కోవడం, ఇదే వైద్యం. మీ వికారం కోతకు వెళ్లిన రోజే వస్తోందా, ఇంటిపట్టున ఉన్న రోజూ వస్తోందా? నోటుబుక్కులో రాస్తే తేలిపోతుంది.

నీళ్ల సంగతి కూడా అడగాలి. కనిగిరి చుట్టుపక్కల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. పళ్లు, ఎముకల గురించే అందరూ మాట్లాడతారు గానీ, ఫ్లోరైడ్ ఎక్కువైన నీళ్లు తాగేవారిలో వికారం, కడుపు ఉబ్బరం, నొప్పి కూడా కనబడతాయి, నీళ్లు మారిస్తే కొందరికి తగ్గుతాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. తాగడానికి క్యాన్ నీళ్లు తెచ్చుకుని, అన్నం, పప్పు మాత్రం బోరు నీళ్లతో వండే ఇళ్లు చాలా ఉన్నాయి. వంటకూ మంచి నీళ్లే వాడండి. బ్యారన్ దగ్గర రాత్రుళ్లు మేలుకోవడానికి తాగే టీలో కూడా ఫ్లోరైడ్ ఉంటుంది, ఖాళీ కడుపున అది మంటకు మంటే.

తిండి గురించి క్లుప్తంగా: మూడు పూటలది ఐదు పూటలు చేయండి, ప్రతిసారీ తక్కువ. నూనె పైకి తేలే కూరలు పొట్టలోంచి దిగడానికి ఆలస్యం చేస్తాయి, మిరపకారం ఇలాంటి నరాలున్నవారికి నిజంగానే నొప్పి తెస్తుంది. నెల్లూరు కారం దోశ, గోంగూర, ఆవకాయ కొన్నాళ్లు దూరం పెట్టండి, చేపల పులుసులో ముక్క తిని పులుసు తగ్గించుకోండి. జన్మంతా మానక్కర్లేదు, పొట్ట కుదుటపడ్డాక ఒక్కొక్కటే తిరిగి తిని చూసుకోండి. రాత్రి తినడానికి, పడుకోవడానికి మధ్య మూడు గంటలు, మంచం తలవైపు కోళ్ల కింద ఒక్కో ఇటుక.

హైదరాబాద్ వెళ్లి అన్ని పరీక్షలూ మళ్లీ చేయించాలా అని మీ ఇంట్లో అనుకుంటూ ఉంటారు. ఇప్పుడున్న లక్షణాలతో అక్కర్లేదు. కారణం లేకుండా బరువు తగ్గడం, ముద్ద గొంతు దిగకపోవడం, ఆగని వాంతులు, రక్తం తగ్గడం, మోషన్‌లో రక్తం, నిద్రలోంచి లేపే విరేచనాలు, ఇంట్లో దగ్గరివారికి పొట్ట లేదా పేగు క్యాన్సర్, వీటిలో ఏది ఉన్నా మాట మారుతుంది. తారులా నల్లటి మోషన్ కూడా, ఐరన్ మాత్ర గానీ బిస్మత్ గానీ వాడకుండానే వస్తే. మీ ఉత్తరంలో అవేవీ లేవు. ఒక్క విషయంలో మాత్రం ఇంట్లో ఎవరూ పొట్ట మందుతో ఆగకూడదు. నడిస్తే రొమ్ము మీద బరువు, చెమటలు, ఆయాసం, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి వస్తే సోడా పొడి కలుపుతూ కూర్చోకుండా ఈసీజీ తీసే చోటికి వెళ్లాలి.

ప్రొలాక్టిన్ రిపోర్టు, మల పరీక్ష రిపోర్టు వచ్చాక మీ డాక్టరుకు చూపించండి. అమిట్రిప్టిలిన్ స్ట్రిప్ పారేయకండి, ఎక్స్‌పైరీ తేదీ చూసి దాచి ఉంచండి.